ఫ్రేజల్ వెర్బ్స్ బట్టీ పట్టినా నోటికి రావట్లేదు: లాజిక్ ఏమైనా ఉందా?

కూర్మన్నపాలెం_కుర్రాడు:

అందరికీ నమస్కారం. రుషికొండ వైపు ఒక కంపెనీలో వాయిస్ ప్రాసెస్ (ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే పని) ఇంటర్వ్యూ ఉంది, ఇంకా రెండు నెలలు టైముంది. టెన్సులు, ఆర్టికల్సు పరవాలేదు. ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గరే, అంటే 'గెట్ అప్' లాంటి రెండు మూడు ముక్కల క్రియల దగ్గరే, బండి ఆగిపోతోంది. చేతిలో 500 పైచిలుకు ఉన్న జిరాక్స్ లిస్టుంది, అక్షరక్రమంలో. మూడు వారాలైనా 'గెట్' దాటలేదు. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ బై అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతున్నాయి.

డౌట్లు ఇవీ. అసలు ఎన్ని వస్తే చాలు? "పుట్ ఆఫ్ ఇట్" తప్పట, "లుక్ ఆఫ్టర్ ఇట్" మాత్రం కరెక్టట, ఏటా తేడా? లిస్టులో 'గో ఆఫ్' ఎదురుగా "మోగుట, ఆరిపోవుట, చెడిపోవుట" అని మూడూ ఉన్నాయి, అచ్చుతప్పా? చివరిది, చదివితే అర్థమైనవి కూడా అవతలివాళ్లు మాట్లాడితే చెవికి పట్టట్లేదు. బట్టీ తప్ప దారి లేదా?

పెదవాల్తేరు_పంతులు:

తమ్ముడూ, ముందు ఆ జిరాక్స్ పక్కన పెట్టు. అక్షరక్రమం డిక్షనరీకి పనికొస్తుంది, నేర్చుకోవడానికి కాదు. ఒకే 'గెట్'తో మొదలయ్యేవి ముప్ఫై వరసగా చదివితే కలిసిపోక ఏమవుతాయి?

ఇప్పుడు నేను "పక్కన పెట్టు" అన్నాను. దాన్నే చూడు. మొదలుపెట్టు, బయటపెట్టు, భయపెట్టు, కనిపెట్టు, తగలబెట్టు. వీటిలో దేన్నైనా ఎక్కడైనా "పెట్టామా"? ఈ ప్రశ్న మనకెప్పుడూ రాదు. ముందున్న ముక్కా వెనకున్న ముక్కా కలిసి ఒకే మాటగా నోట్లోకొచ్చాయి. 'పుట్ ఆఫ్' (వాయిదా వేయడం), 'పుట్ ఔట్' (ఆర్పడం), 'పుట్ అప్ విత్' (ఓర్చుకోవడం) కూడా ఆ బాపతే. 'పుట్' అర్థానికి 'ఆఫ్' అర్థం కలిపి కూడికలు చెయ్యకు. మొత్తం ఒక మాట.

అచ్చుతప్పు కాదు గానీ, 'గో ఆఫ్' గురించి అడిగావు కాబట్టి మన 'పోవడం' చూడు. బస్సు పోయింది, కరెంటు పోయింది, ఫోను పోయింది, పెద్దాయన పోయారు. నాలుగింటికీ క్రియ ఒకటే, పక్కనున్న మాటను బట్టే మనం అర్థం తీసుకుంటున్నాం. ఇంగ్లీషు వాడూ అంతే. "ది అలారం వెంట్ ఆఫ్" అంటే మోగింది. "ద లైట్స్ వెంట్ ఆఫ్" అంటే ఆరిపోయాయి. "ద మిల్క్ హాజ్ గాన్ ఆఫ్" అంటే పాలు విరిగాయి, ఇది ఎక్కువగా బ్రిటిష్ వాడుక. గుర్తుకు ఊతం కావాలంటే ఇలా అనుకో: 'ఆఫ్' అంటే ఉన్న స్థితి నుంచి తెగిపోవడం. అలారం నిశ్శబ్దం వదిలింది, లైటు వెలుగు వదిలింది, పాలు మంచితనం వదిలాయి. ఇది జ్ఞాపకానికి కట్టిన తాడు మాత్రమే, వ్యుత్పత్తి అనుకుని ఎవరితోనూ వాదించకు.

ఇలాంటి తాళం ఇంకొకటి 'అప్'. తిను, తినేయి. ఈ రెంటికీ తేడా తెలుసుగా? రెండోదాంట్లో పని పూర్తయిపోవాలి. "ఈట్ అప్", "డ్రింక్ అప్", "యూజ్ అప్"లలో 'అప్' చేసే పని మన 'ఏయి' చేసేదే: తినేయి, తాగేయి, వాడేయి. దానంతట అదే జరిగేదైతే మనం 'పోవు' తగిలిస్తాం. వేసవిలో మేఘాద్రిగెడ్డలో నీళ్లు ఎండిపోతే "ఇట్ డ్రైడ్ అప్". అన్ని 'అప్'లూ ఇందులో ఇమడవు. 'బ్రింగ్ అప్' అంటే పిల్లల్ని పెంచడం, లేదా మాటల్లో ఒక విషయం ఎత్తడం. 'మేక్ అప్' అంటే కట్టుకథ అల్లడం, గొడవపడ్డాక కలిసిపోవడం కూడా. అవి విడిగా నేర్చుకోవాల్సిందే.

'ఔట్' చాలాచోట్ల మన 'తేలు', 'బయటపడు' లాగా నడుస్తుంది. ఫైండ్ ఔట్, ఫిగర్ ఔట్, టర్న్ ఔట్. 'ఆన్' అయితే ఆపకుండా చేస్తూ ఉండడం: గో ఆన్, క్యారీ ఆన్, కీప్ ఆన్. ఇంతకుమించి తాళాలు చేసుకోకు, తలుపుల కన్నా తాళాలు ఎక్కువైపోతాయి.

ఇక "ఇట్" ఎక్కడ పెట్టాలి అన్నది. మనవాళ్లు తప్పుచేసేది ఎక్కువగా ఇక్కడే, కారణం మన తెలుగే. ఫ్యాను తిరుగుతుంటే మనం "ఆపేయి" అంటాం, అంతే. "దాన్ని" అనక్కర్లేదు. అదే అలవాటుతో ఇంగ్లీషులో "ప్లీజ్ టర్న్ ఆఫ్" అని ఆగిపోతారు. అక్కడ వాక్యం సగంలో తెగినట్టు వినిపిస్తుంది. "టర్న్ ఇట్ ఆఫ్" అనాలి. వస్తువు పేరు చెప్తే రెండు చోట్లా పెట్టొచ్చు: "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్", "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్". ఇట్, దెమ్, హిమ్, హర్, మీ, అస్ వస్తే మాత్రం మధ్యలోనే. "టర్న్ ఆఫ్ ఇట్" కుదరదు. వస్తువు పేరు బారెడు పొడుగుంటే, "వెనక గదిలో కిటికీ పక్కనున్న పాత ఫ్యాను" లాంటిదైతే, మధ్యలో ఇరికించకు, చివర పెట్టు.

విడదీయకూడనివి వేరే జాతి. లుక్ ఆఫ్టర్, లుక్ ఎట్, లుక్ ఫర్, లుక్ ఇంటూ, డీల్ విత్. వెనక ఆఫ్టర్, ఎట్, ఫర్, ఇంటూ, విత్ ఉంటే సాధారణంగా అతుక్కునే ఉంటాయి: "లుక్ ఆఫ్టర్ హర్". అప్, డౌన్, ఔట్, ఆఫ్, అవే, బ్యాక్ ఉండి, పని వేరేదాని మీద జరుగుతుంటే ఎక్కువగా విడిపోతాయి. ఓవర్, ఆన్, ఇన్, త్రూ మాత్రం గోడ మీద పిల్లులు. "థింక్ ఇట్ ఓవర్" విడిపోతుంది, "గెట్ ఓవర్ ఇట్" విడిపోదు. అనుమానం వస్తే ఊహించకు. విద్యార్థుల కోసం వేసే ఇంగ్లీషు డిక్షనరీ తెరువు. "పుట్ సమ్‌థింగ్ ఆఫ్" అని మధ్యలో 'సమ్‌థింగ్' పెట్టి ఇస్తే విడిపోయేది. "లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ" అని చివర ఇస్తే విడిపోనిది. చాలా డిక్షనరీల్లో ఇది ఎస్, టీ, హెచ్ అని మూడక్షరాల పొట్టి గుర్తుగా ఉంటుంది, చాలామంది కళ్లు దాన్ని దాటేసి నేరుగా అర్థం దగ్గరకెళ్తాయి. నీక్కావాల్సిన రూలు ఆ మూడక్షరాల్లోనే ఉంది.

కూర్మన్నపాలెం_కుర్రాడు:

థాంక్స్ మాస్టారూ, 'తినేయి' దెబ్బకి 'అప్' బుర్రకెక్కింది. మూడు ముక్కలవి ఉంటాయి కదా, అవెప్పుడూ విడదీయకూడదు అని లిస్టులో రాసుంది, నిజమేనా?

సీతమ్మధార_వ్యాకరణం:

చాలావరకు నిజం, ఎప్పుడూ కాదు. "రన్ ఔట్ ఆఫ్", "పుట్ అప్ విత్", "కమ్ అప్ విత్", "కీప్ అప్ విత్" విడిపోవు. కానీ "డోంట్ టేక్ ఇట్ ఔట్ ఆన్ మీ" చూడండి. ఎవరి మీదో కోపం నా మీద చూపించకు అని అర్థం. ఇక్కడ 'ఇట్' టేక్ పక్కనే దూరింది. లిస్టుల్లో "ఎప్పుడూ" అని రాసిన ప్రతిచోటా "సాధారణంగా" అని చదువుకోవడం క్షేమం.

మూడు ముక్కల వాటిలో ఎక్కువమంది కాలేసేది 'లుక్ ఫార్వర్డ్ టు' మీద. "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు" తప్పు, "టు మీటింగ్ యు" అనాలి. ఇక్కడి 'టు', "టు మీట్"లోని 'టు' కాదు, "టు విశాఖపట్నం"లోని 'టు'. దాని తర్వాత పేరు రావాలి, లేదా చివర 'ఇంగ్' ఉన్న రూపం రావాలి. "ఐ లుక్ ఫార్వర్డ్ టు ద ఇంటర్వ్యూ" అని పెట్టి చూస్తే కుదిరిందిగా, అదే పరీక్ష.

ఇంకోటి, "కోప్ అప్ విత్" అనేది లేదు. 'కీప్ అప్ విత్'తో కలగలిసి పుట్టింది. "కోప్ విత్" చాలు. "డిస్కస్ అబౌట్" కూడా అంతే, 'అబౌట్' తీసేయండి. "రిటర్న్ బ్యాక్"లో 'బ్యాక్' దండగ.

కంచరపాలెం_కాల్‌ఫ్లోర్:

రూల్స్ పైన వచ్చేశాయి కాబట్టి వాయిస్ ప్రాసెస్‌కి పనికొచ్చే సరుకు చెప్తాను. ఫోన్ మీద తిరిగేవి అసలు వందల్లో ఉండవు.

కాల్ మొదట్లో "హోల్డ్ ఆన్" అంటే కాస్త ఆగండి. "ఐ విల్ పుట్ యు త్రూ టు బిల్లింగ్" అంటే ఆ విభాగానికి కలుపుతాను. మాట సరిగ్గా వినపడకపోతే "కుడ్ యు స్పీక్ అప్?" గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంటే "యు ఆర్ బ్రేకింగ్ అప్". లైను తెగిపోతే "వి గాట్ కట్ ఆఫ్". ఎవరైనా కావాలని పెట్టేస్తే "హి హంగ్ అప్". మనం "కాల్ కట్ చేశాడు" అంటాం కదా, దాన్నే "హి కట్ ద కాల్" అని దింపేస్తారు. బయటి దేశం కస్టమర్‌కి అది వింతగా ఉంటుంది. ఇంకో జాగ్రత్త, 'హ్యాంగ్ అప్'కి భూతకాలం 'హంగ్ అప్', 'హ్యాంగ్డ్' కాదు. 'హ్యాంగ్డ్' అంటే ఉరి వ్యవహారం.

సమస్య మీదకొచ్చాక: "ఐ విల్ లుక్ ఇంటూ ఇట్" పరిశీలిస్తాను. "లెట్ మి రన్ త్రూ ద స్టెప్స్" వరసగా చెప్పుకొస్తాను. "రీడ్ ఇట్ బ్యాక్ టు మి" మీరు రాసుకున్నది నాకు చదివి వినిపించండి. "వి విల్ సార్ట్ ఇట్ ఔట్" పరిష్కరిస్తాం. "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు" తిరిగి చెప్తాను. ఈ చివరిదాని బదులు మన ఆఫీసుల్లో "ఐ విల్ రివర్ట్" అనేస్తారు. మనలో మనకి చెల్లుతుంది. బ్రిటన్, అమెరికా వాడికి 'రివర్ట్' అంటే పాత స్థితికి మళ్లడం, మీరెక్కడికి మళ్లుతారో ఆయనకి తెలీదు.

ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే జారే మాట ఒకటుంది. "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2023." నేవీ పాసింగ్ ఔట్ పరేడ్ గురించి విన్న ఊరు మనది కాబట్టి తప్పేముంది అనిపిస్తుంది. సైనిక శిక్షణ విషయంలో అది సరైనదే. కాలేజీ విషయంలో మాత్రం మన దేశం దాటితే 'పాస్ ఔట్' అంటే స్పృహ తప్పి పడిపోవడం. "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023" అనండి, గొడవ లేదు.

లాగిన్, బ్యాకప్, సెటప్, చెకిన్ మనకి తెలుగు మాటలైపోయాయి. చిక్కంతా అక్కడే. "లాగిన్ అయ్యాను" అలవాటై ఇంగ్లీషులో "ఐ లాగిన్డ్" అంటారు. పేరుగా వాడితే ఒకే ముక్క, పనిగా వాడితే రెండు ముక్కలు. భూతకాలపు గుర్తు మొదటి ముక్కకే తగలాలి: "ఐ లాగ్డ్ ఇన్", "ఐ బ్యాక్డ్ ఇట్ అప్". పలకడంలోనూ తేడా ఉంది. పేరైతే నొక్కు మొదటి ముక్క మీద, బ్యాకప్‌లో 'బ్యాక్' మీద. క్రియగా వాడితే నొక్కు ఎక్కువగా 'అప్' మీద పడుతుంది.

వినడం గురించి. వాళ్లు ముక్కలు విడదీసి పలకరు. మనం "ఏమి + అంటివి" ని "ఏమంటివి" అన్నట్టే వాళ్లకీ ఒకరకం సంధి ఉంది. "పిక్ ఇట్ అప్" చెవికి "పికిటప్". "టర్న్ ఇట్ ఆఫ్" అంటే "టర్నిటాఫ్". అమెరికన్ నోట్లో రెండు అచ్చుల మధ్య 'ట' నలిగి ఇంచుమించు 'డ' అవుతుంది: "పుట్ ఇట్ ఆఫ్" కాస్తా "పుడిడాఫ్", "గెట్ అప్" కాస్తా "గెడప్". "గెడప్" అని విని నోట్‌బుక్‌లో వెతికితే దొరకదు కదా. అందుకని కొత్తది రాసుకున్నప్పుడే పక్కన అది వినిపించే తీరు తెలుగులో రాసుకోండి. మన లిపిలో ఉన్న సౌకర్యం అది, వినిపించింది వినిపించినట్టు రాయొచ్చు. రోజూ ఐదారు వాక్యాలు ముందు విడివిడిగా, తర్వాత కలిపి, బయటికి వినపడేలా చదవండి. నోరు కలపడం నేర్చితే చెవి విడదీయడం నేర్చుకుంటుంది.

ఎన్‌ఏడీ_నైట్‌షిఫ్ట్:

ఇంత కష్టం దేనికండీ. 'పోస్ట్‌పోన్', 'క్యాన్సిల్', 'టాలరేట్' ఒక్కమాటవి ఉన్నాయిగా. అవి వాడేస్తే పోలా?

సీతమ్మధార_వ్యాకరణం:

మీరు మాట్లాడేటప్పుడు పోతుంది. అవతలివాడు అవి వాడకపోతేనే ఇబ్బంది, కస్టమర్ "కెన్ వి పుట్ ఇట్ ఆఫ్ టిల్ మండే?" అంటే "పోస్ట్‌పోన్ అనండి సార్" అనలేరు కదా. కాబట్టి అర్థం చేసుకోవడానికి ఎక్కువ కావాలి, సొంతంగా వాడడానికి తక్కువ చాలు. రాతలో మీ మాటే బలం. ఐఈఎల్టీఎస్ వ్యాసంలో "ఫైండ్ ఔట్" కన్నా "డిస్కవర్" నప్పుతుంది, "గో అప్" కన్నా "ఇన్‌క్రీజ్". "క్యారీ ఔట్", "పాయింట్ ఔట్" లాంటివి గట్టి రాతలోనూ చెల్లుతాయి. అదే పరీక్ష స్పీకింగ్‌లో, 11 నుంచి 14 నిమిషాల సంభాషణలో, అన్నీ ఒక్కమాట క్రియలే వాడితే సర్క్యులర్ చదువుతున్నట్టుంటుంది.

ద్వారకానగర్_రీడింగ్‌రూమ్:

ఎన్ని చాలు అన్న ప్రశ్న మిగిలిపోయింది. 2015లో గార్నియర్, ష్మిట్ అనే ఇద్దరు పరిశోధకులు బాగా ఎక్కువ వాడకంలో ఉన్న 150 ఫ్రేజల్ వెర్బ్స్‌కి ముఖ్యమైన అర్థాలు మాత్రమే ఏరితే 288 తేలాయి. అంటే ఒక్కోదానికి సగటున రెండు కూడా లేవు. డిక్షనరీలో పదేసి అర్థాలు చూసి బెదిరిపోయేవాళ్లకి ఇది ఊరట. గో ఆన్, పిక్ అప్, కమ్ బ్యాక్, ఫైండ్ ఔట్, పాయింట్ ఔట్ లాంటివి అందులో ముందు వరసలోవి. రోజుకి మూడు చొప్పున 150కి 50 రోజులు. మీ రెండు నెలల్లో పది రోజులు మిగులుతాయి, వాటిని తిరగేయడానికి ఉంచుకోండి. రోజుకి పది పెట్టుకున్నవాళ్లు రెండో వారంలో పుస్తకం మూసేస్తారు.

మూడూ ఒకే క్రియతో మొదలయ్యేవి కాకుండా, ఒకే సందర్భంలో వచ్చేవి తీసుకోండి. ఉదాహరణకి 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను మన విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. "ద విండ్ పిక్డ్ అప్", గాలి పుంజుకుంది. "ఇట్ బ్లూ డౌన్ ట్రీస్", చెట్లు కూలగొట్టింది. "ద పవర్ వెంట్ ఔట్", కరెంటు పోయింది. "పీపుల్ రాన్ ఔట్ ఆఫ్ మిల్క్", పాలు నిండుకున్నాయి. "దే పుట్ అప్ విత్ ఇట్", ఓర్చుకున్నారు. "ద స్టార్మ్ డైడ్ డౌన్", తుఫాను నెమ్మదించింది. "దే క్లియర్డ్ అప్ ద మెస్", చెత్తంతా తీసేశారు. "ద పవర్ కేమ్ బ్యాక్." ఊళ్లో ఎవరికైనా ఈ వరస కళ్లకు కట్టినట్టు ఉంటుంది, అందుకే ఒకటి తట్టితే తర్వాతది దానంతట అదే వస్తుంది.

ఆ నెల 14న ఇక్కడ జరగాల్సిన భారత్, వెస్టిండీస్ వన్డే ఉంది చూశారా, అది "వాజ్ కాల్డ్ ఆఫ్", రద్దయింది. "పుట్ ఆఫ్" అయ్యుంటే ఇంకో రోజు ఆడేవారు. ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్లు చాలామంది. ఆ మ్యాచ్ గుర్తుంటే ఇక కలవవు.

కార్డు రాసే పద్ధతి: పోస్టుకార్డులో సగం ముక్క చాలు. ముందువైపు ఇంగ్లీషు రాయకండి. తెలుగులో సందర్భం రాయండి: "ఫ్యాను తిరుగుతోంది, చలేస్తోంది, ఆపమనాలి." వెనకవైపు "కుడ్ యు టర్న్ ఇట్ ఆఫ్?" అని మొత్తం వాక్యం, అందులో 'ఇట్' తప్పనిసరిగా. 'ఇట్' ఉన్న వాక్యం నేర్చుకుంటే విడిపోతుందా లేదా అన్న రూలు విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాక్యంలోనే ఉంటుంది. ముందువైపు 'టర్న్ ఆఫ్', వెనక 'ఆపివేయుట' అని రాసుకున్న కార్డు చదివినప్పుడు గుర్తుకొస్తుంది, మాట్లాడాల్సినప్పుడు రాదు. ఎందుకంటే మాట్లాడేటప్పుడు మీ బుర్రలో ముందు పుట్టేది సందర్భం, 'టర్న్ ఆఫ్' కాదు.

రాసిన మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకి తిప్పండి. నోటికి రానిది మళ్లీ మొదటి నుంచి ఇదే వరసలో తిప్పండి.

సిటీ బస్సు కార్డు ఒకటి ఇప్పుడే రాసుకోండి. "బస్సు దిగాను" అని తెలుగులో అనుకుని "ఐ గాట్ డౌన్ ఎట్ జగదాంబ" అంటారు. "గాట్ ఆఫ్" అనాలి. బస్సు, రైలు, ఓడ, విమానం అయితే ఆన్, ఆఫ్. కారు, ఆటో అయితే గెట్ ఇన్, గెట్ ఔట్ ఆఫ్. లోపల లేచి నాలుగడుగులు నడవగలిగితే మొదటిది, కూర్చోవడం తప్ప వీల్లేకపోతే రెండోది. షేర్ ఆటోలో పక్కకి వేలాడేవాళ్ల సంగతి వ్యాకరణంలో లేదు.

కూర్మన్నపాలెం_కుర్రాడు:

చాలా థాంక్సండీ అందరికీ. లిస్టు పక్కన పడేశాను. ఇప్పుడే ఐదు వాక్యాలు రాశాను, దిద్దండి.

"ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ మద్దిలపాలెం."
"ఐ రాన్ ఔట్ ఆఫ్ డేటా, సో ఐ కుడ్ నాట్ లాగ్ ఇన్."
"ప్లీజ్ గివ్ మి ద నంబర్, ఐ విల్ లుక్ ఇట్ ఇంటూ."
"మై ఫాదర్ గేవ్ అప్ టు స్మోక్."
"ద మ్యాచ్ వాజ్ పుట్ ఆఫ్ బికాజ్ ఆఫ్ రెయిన్, దే విల్ ప్లే ఇట్ ఆన్ సండే."

పెదవాల్తేరు_పంతులు:

ఒకటి, రెండు, ఐదు బాగున్నాయి. ఐదోదాంట్లో ఆదివారం ఆడతారు అన్నావు కాబట్టి 'పుట్ ఆఫ్' సరిగ్గా పడింది.

మూడోది "లుక్ ఇంటూ ఇట్". 'ఇంటూ' ఉంటే విడదీయకు. విడదీసే మాటే కావాలంటే 'చెక్ ఔట్' ఉంది, "ఐ విల్ చెక్ ఇట్ ఔట్", కాకపోతే కస్టమర్ దగ్గర మొదటిదే మర్యాదగా ఉంటుంది.

నాలుగోది "గేవ్ అప్ స్మోకింగ్". 'గివ్ అప్' తర్వాత 'ఇంగ్' రూపమే. నువ్వు రాసినట్టు "టు స్మోక్" అంటే, సిగరెట్ కాల్చుకోవడం కోసం ఇంకేదో మానేశారు అని అర్థమొస్తుంది. ఆయన ఉద్యోగం మానేశారనుకుంటారు.